పెదవి దాటిన మాట

ఖజానా కథలు: 11వ భాగం

1990 జూన్ 26న వైట్‌హౌస్ విలేకరుల గదిలో నోటీసు బోర్డుకు ఒక కాగితం గుచ్చి కనిపించింది. అధ్యక్షుడు కెమెరాల ముందుకు వచ్చి చెప్పిందేమీ లేదు. చిన్న ప్రకటన, అంతే. ద్రవ్యలోటు తగ్గాలంటే ఏమేం చేయక తప్పదో అందులో వరసగా ఉంది: సంక్షేమ పథకాల సంస్కరణ, రక్షణ వ్యయం తగ్గింపు, మిగతా ఖర్చుల కోత, బడ్జెట్ పద్ధతుల్లో మార్పు. ఈ వరసలోకి పిలవని పేరంటంలా వచ్చి కూర్చున్నాయి మరో మూడు మాటలు. పన్ను రాబడి పెంపు.

మర్నాడు న్యూయార్క్ పోస్ట్ పత్రిక మొదటి పేజీ నిండా పెద్ద పెద్ద అక్షరాలు. ‘నా పెదాలు చదవండి, నేను అబద్ధమాడాను’ అని అధ్యక్షుడే ఒప్పుకుంటున్నట్టు రాసేశారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. జార్జ్ బుష్ (పెద్దాయన, కొడుకు కాదు) పెదవి దాటిన మాట అప్పటికి రెండేళ్లుగా దేశమంతా తిరుగుతూనే ఉంది.

ఆ మాట పుట్టింది 1988 ఆగస్టు 18న, న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన రిపబ్లికన్ పార్టీ మహాసభలో. అధ్యక్ష అభ్యర్థిత్వాన్ని స్వీకరిస్తూ బుష్ చదివిన ప్రసంగం రాసింది పెగ్గీ నూనన్. కాంగ్రెస్ వాళ్లు పన్నులు పెంచమని నన్ను నెడతారు, కాదంటాను, మళ్లీ నెడతారు, మళ్లీ కాదంటాను, చివరికి చెప్పేది ఒకటే, నా పెదాల కదలిక చూసి అర్థం చేసుకోండి, కొత్త పన్నులు లేవు. సారాంశం ఇదీ. చెవిటివాడికి కూడా తెలిసేలా చెబుతున్నా, రాసిపెట్టుకోండి అనడం అన్నమాట. సలహాదారు రిచర్డ్ డార్మన్ ఆ వాక్యం వద్దన్నాడు. రేపు కుర్చీలో కూర్చున్నాక ఇదే మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం. మిగతావాళ్లు ఉండాల్సిందేనన్నారు. ఉంచారు, సభ ఊగిపోయింది, బుష్ గెలిచాడు. డార్మన్ ఆ ప్రభుత్వంలోనే బడ్జెట్ డైరెక్టరయ్యాడు. తాను వద్దన్న వాక్యాన్ని తానే మింగాల్సిన ఉద్యోగం.

బుష్ అంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వచ్చిందో గత భాగం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. రేగన్ భక్తులకు ఆయన మీద నమ్మకం లేదు. 1980లో రేగన్ పన్నుల సిద్ధాంతాన్ని ఎగతాళి చేసిన మనిషి కదా! దానికి తోడు గ్రోవర్ నార్‌క్విస్ట్ అనే యువకుడు 1986 నుంచి ఒక ప్రమాణపత్రం పట్టుకుని తిరుగుతున్నాడు. పన్నులు పెంచే ఏ బిల్లుకూ ఓటెయ్యనని అభ్యర్థులు సంతకం చెయ్యాలి. 1988 న్యూ హాంప్‌షైర్‌లో రిపబ్లికన్ అభ్యర్థుల చర్చలో పోటీదారు ఒకాయన ఆ పత్రాన్ని తోటి పోటీదారు బాబ్ డోల్ చేతికే ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. డోల్ పెట్టలేదు. ఆ రాష్ట్రంలో ఓడిపోయాడు. బుష్ అప్పటికే సంతకం పెట్టేసి ఉన్నాడు.

ఇక అప్పు సంగతి. 1981లో లక్ష కోట్ల డాలర్లు దాటిన అమెరికా ప్రభుత్వ అప్పు రేగన్ దిగిపోయే నాటికి 2.6 లక్షల కోట్లు దాటేసింది. 1989 ఫిబ్రవరిలో సేమూర్ డర్స్ట్ అనే న్యూయార్క్ స్థిరాస్తి వ్యాపారి తన సొంత డబ్బుతో మన్‌హాటన్ నడిబొడ్డున, టైమ్స్ స్క్వేర్‌కు కూతవేటు దూరంలో ఒక పెద్ద బోర్డు పెట్టించాడు. పైన దేశం మొత్తం అప్పు, కింద ఒక్కో కుటుంబం వాటా. అంకెలు ఆగకుండా పరుగెత్తుతుంటాయి. చివరి అంకెలైతే కంటికి ఆనవు, మసకగా కదులుతాయి అంతే. మన హరిశ్చంద్ర నాటకంలో అప్పు వసూలుకు రాజు వెంటే నడిచే నక్షత్రకుడున్నాడే, ఆ బోర్డు అలాంటిది. ఎవరినీ ఏమీ అనదు, వదిలి మాత్రం పోదు.

వదలని నక్షత్రకుడు ఇంకొకడున్నాడు, చట్టం రూపంలో. 1985 నాటి గ్రామ్ రడ్మన్ హాలింగ్స్ చట్టం ఏటా లోటు ఇంతకు మించకూడదని గీత గీసింది. దాటితే కత్తెర తనంతట తానే దిగుతుంది. సైన్యం, పరిశోధన, విమానాశ్రయాలు అని చూడకుండా కోసుకుపోతుంది. 1991 ఆర్థిక సంవత్సరానికి గీత 6,400 కోట్ల డాలర్ల దగ్గరుంది. కానీ పొదుపు బ్యాంకుల దివాలా ఖజానాను మింగుతోంది, మాంద్యం తలుపు తడుతోంది, ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ కువైట్‌లోకి సైన్యాన్ని నడిపాడు. ఇప్పుడు గీత దగ్గరికి రావాలంటే అక్టోబరులో 8,000 కోట్లకు పైగా ఒక్కసారిగా కోసేయాలి. ఎడారికి సైన్యాన్ని పంపుతూ ఆ సైన్యం ఖర్చే కోయాలన్నమాట. పైగా కాంగ్రెస్ రెండు సభలూ డెమోక్రాట్ల చేతుల్లో ఉన్నాయి. పన్నుల మాట అధ్యక్షుడి నోట వస్తే తప్ప బేరానికి కూర్చోమని వాళ్లు భీష్మించుకున్నారు. కువైట్ గొడవ తరవాత వచ్చి కలిసింది గానీ, జూన్ 26 కాగితం వెనక ఉన్న కథ ఇదీ.

బుష్‌ను నేను పూర్తిగా వెనకేసుకు రాను. మాట మార్చాల్సి వచ్చిన కారణాలు బలమైనవే. అవి జనానికి చెప్పాలి కదా! ఆగస్టులో సౌదీ అరేబియాకు సైన్యాన్ని ఎందుకు పంపుతున్నాడో టీవీలో కూర్చుని దేశానికి వివరించిన మనిషి, పన్నుల సంగతి మాత్రం బోర్డుకు గుచ్చి వెళ్లిపోయాడు. ఇంట్లో గొడవ పడలేక ఉత్తరం రాసి బల్ల మీద పెట్టి వెళ్లినట్టుంది. పార్టీ వాళ్లకు ఒళ్లు మండింది. కాగితం పడ్డ రోజే 90 మంది దాకా రిపబ్లికన్ సభ్యులు కాదంటూ లేఖ మీద సంతకాలు చేశారు. జులైలో టెక్సస్ సభ్యుడు డిక్ ఆర్మీ పెట్టిన తీర్మానాన్ని ప్రతినిధుల సభలోని రిపబ్లికన్ బృందం ఆమోదించింది. కొత్త పన్నులకు ఒప్పుకోం, అధ్యక్షుడు మనవాడైనా సరే.

వాళ్ల కోపానికి పాత గాయం ఒకటుంది. 1982లో రేగన్‌తోనూ ఇలాంటి ఒప్పందమే చేయించారు. ఒక డాలరు పన్ను పెంచండి, మూడు డాలర్ల ఖర్చు కోస్తాం అన్నారు. పన్ను వచ్చింది, కోత రాలేదు అన్నది రిపబ్లికన్ల లెక్క. ఆ లెక్కలో కొంత వాదన ఉంది, దాన్ని డెమోక్రాట్లు ఒప్పుకోరు. కానీ పార్టీ కార్యకర్తల నోళ్లలో అది సామెతలా స్థిరపడిపోయింది. పన్ను నేడు, కోత రేపు.

ఈ కోపానికి గొంతు దొరికింది న్యూట్ గింగ్రిచ్ రూపంలో. జార్జియా నుంచి గెలిచిన ఈ చరిత్ర లెక్చరరు 1989 మార్చిలో 87–85 ఓట్లతో, అంటే వెంట్రుకవాసిలో, రిపబ్లికన్ విప్ అయ్యాడు. బాబ్ మైకెల్ లాంటి పెద్దతరం నాయకులు పగలు సభలో పోట్లాడి సాయంత్రం డెమోక్రాట్లతో గోల్ఫ్ ఆడేవారు. ఆ మర్యాదే మనల్ని శాశ్వత ప్రతిపక్షం చేసిందని గింగ్రిచ్ వాదం.

సెప్టెంబరులో రెండు పార్టీల ప్రతినిధులూ వాషింగ్టన్ పక్కనున్న ఆండ్రూస్ వైమానిక స్థావరంలో తలుపులేసుకు కూర్చున్నారు. విలేకరులు లోపలికి రాకూడదనే ఆ చోటు. బేరం అక్కడ పూర్తిగా తెగలేదు, తరవాత చిన్న గుంపులో తెంచారు. సెప్టెంబరు 30న రోజ్ గార్డెన్‌లో ప్రకటన. ఐదేళ్లలో 50,000 కోట్ల డాలర్ల లోటు తగ్గింపు. పెట్రోలు, సిగరెట్లు, బీరు మీద పన్ను. చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకునే నూనె మీద పన్ను. వృద్ధుల వైద్యానికి ఉన్న మెడికేర్‌లో 6,000 కోట్ల కోత. ఆదాయపు పన్ను రేట్లను మాత్రం ముట్టుకోలేదు. అధ్యక్షుడి వెనక వరసగా నిలబడాల్సిన నాయకుల్లో ఒక్కడు లేడు. ఆండ్రూస్‌లో పెద్దగా నోరు విప్పని గింగ్రిచ్ ఆ రోజు వైట్‌హౌస్ లోపలిదాకా వచ్చి, ఫొటోకు నిలబడకుండా కారెక్కి కాంగ్రెస్ భవనానికి వెళ్లిపోయాడు. అక్కడ తోటి సభ్యులు చప్పట్లతో ఎదురొచ్చారు.

మన పార్లమెంటులో ఈ కథ ఇలా నడవదు. బడ్జెట్ ఓడితే ప్రభుత్వమే దిగిపోవాలి. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌ను ధిక్కరించిన సభ్యుడి పదవికే ఎసరు. అమెరికాలో విప్ బతిమాలతాడు, బెదిరిస్తాడు, తలలు లెక్కపెట్టుకుంటాడు, అంతకు మించి ఏమీ చేయలేడు. 1990లో అయితే ధిక్కరించింది విప్పే. కొరడా పట్టాల్సినవాడే బండి దిగిపోయాడు.

అక్టోబరు 2న బుష్ టీవీలో దేశాన్ని వేడుకున్నాడు. మీ సభ్యులకు ఫోన్ చేసి ఓటెయ్యమనండి అన్నాడు. జనం ఫోన్లు చేశారు, వెయ్యొద్దని. అక్టోబరు 5 తెల్లవారుజామున ప్రతినిధుల సభలో ఓటింగ్ జరిగింది. అనుకూలం 179, వ్యతిరేకం 254. రిపబ్లికన్లలో 71 మంది అధ్యక్షుడి వెంట నిలిస్తే 105 మంది ఎదురు తిరిగారు. డెమోక్రాట్లలో 149 మంది కాదన్నారు.

ఈ 254 మంది ఒక మాట మీద ఉన్నవాళ్లు కాదు. ఒకరు పన్ను ఉందని కొట్టారు, ఇంకొకరు ముసలివాళ్ల మందుల ఖర్చు పెరుగుతుందని కొట్టారు. అందరికీ అప్పు తగ్గాల్సిందే. కానీ ప్రతి కోతకూ ఒక సొంతదారుడుంటాడు, వాడికి ఓటుంటుంది. అప్పు పేరెత్తితే మండిపడే కార్యకర్త కూడా తన జిల్లాలో సైనిక స్థావరం మూసేస్తామంటే ముందు వరసలో జెండా పట్టుకుంటాడు. దీంట్లో అమెరికా ప్రత్యేకత ఏమీ లేదు లెండి.

ఆ వారాంతం కొలంబస్ డే సెలవులు. తాత్కాలిక నిధుల బిల్లును బుష్ వీటో చేశాడు. ప్రభుత్వం మూతపడింది. పిల్లల్ని వెంటబెట్టుకుని రాజధాని చూడ్డానికొచ్చిన కుటుంబాలు మ్యూజియాల మూసిన తలుపుల ముందు నిలబడ్డాయి. సోమవారం కూడా సెలవే కాబట్టి జీతాల నష్టం పెద్దగా జరగలేదు. పరువు నష్టం మాత్రం లెక్కకు అందనిది.

తరవాతి మూడు వారాల్లో తిరుగుబాటుదారులకు తాము కోరని వరం దొరికింది. అధ్యక్షుడికి సొంత పార్టీ ఓట్లు రావని తేలిపోయింది. ఇక బిల్లు నెగ్గాలంటే డెమోక్రాట్ల ఓట్లే గతి. ఓటిచ్చేవాడే బేరం చెబుతాడు. డెమోక్రాట్లు చెప్పారు: నూనె పన్ను తీసెయ్యండి, మెడికేర్ కోత తగ్గించండి, ధనవంతుల మీద వెయ్యండి. 1986 సంస్కరణ పుణ్యమా అని అప్పటి పన్ను పట్టికలో ఒక వింత ఉండేది. ఎగువ మధ్యతరగతి వాళ్లకు చివరి డాలరు మీద 33 శాతం పడేది, వాళ్లకంటే పైనున్న మహా ధనవంతులకు 28 శాతమే. డెమోక్రాట్లు దీన్ని పట్టుకుని ఊరూరా ఉతికారేశారు. పై రేటు పెంపునకు ఒప్పుకోవాలా వద్దా అని బుష్ రోజుకోమాట చెబుతూ వచ్చాడు. అక్టోబరు 10న ఫ్లారిడాలో పొద్దున్నే జాగింగ్ చేస్తుంటే విలేకరులు అదే అడిగారు. ఆయన ఆగకుండా నడుము చూపించి, లిప్స్ కాదు హిప్స్ చదువుకోండన్నాడు. ప్రాస బాగానే కుదిరింది. నవ్వింది మాత్రం ఎదుటి పార్టీ వాళ్లు.

అక్టోబరు 27న కొత్త బిల్లు ప్రతినిధుల సభలో 228–200తో, సెనేట్‌లో 54–45తో నెగ్గింది. పై రేటు 28 నుంచి 31 శాతానికి పెరిగింది. పెట్రోలు పన్ను గ్యాలనుకు 9 సెంట్ల నుంచి 14 సెంట్లయింది. ఖరీదైన కార్లు, పడవలు, నగల మీద విలాస పన్ను పడింది. పడవలు కట్టే పనివాళ్ల పొట్ట కొట్టిందన్న గొడవతో పడవల పన్నును 1993లో ఎత్తేశారు. అప్పు పరిమితిని 4.145 లక్షల కోట్ల డాలర్లకు జరిపారు. అంటే ఆదాయపు పన్ను రేట్లు ముట్టుకోని ఒప్పందాన్ని పన్నుల మీద కోపంతో తన్ని, రేట్లు పెంచే ఒప్పందాన్ని తెచ్చుకున్నారు రిపబ్లికన్లు. గింగ్రిచ్ మనుషుల దృష్టిలో అది ఓటమి కాదు. మనవాళ్లలో ఎవరెవరో బయటపడింది కదా అన్నారు.

ఎన్నికలు పది రోజుల్లోకి వచ్చాయి. పార్టీ ప్రచార సంఘం నడిపే ఎడ్ రోలిన్స్ ముందే అభ్యర్థులకు ఒక లేఖ పంపాడు. అధ్యక్షుడికి దూరం జరగడానికి మొహమాటపడకండి అని. బుష్ భగ్గుమన్నాడు. ఆ లేఖ అమల్లో ఎలా ఉంటుందో అక్టోబరు 23న వెర్మాంట్‌లో కనిపించింది. సిటింగ్ సభ్యుడు పీటర్ స్మిత్ కోసం విరాళాలు సేకరించడానికి బుష్ బర్లింగ్టన్ దాకా వెళ్లాడు. స్మిత్ మైకు పట్టుకుని, పక్కనే కూర్చున్న అతిథితో పన్నుల విషయంలో తనకెందుకు పడదో సభకు వివరించాడు. పిలిచి పీట వేసి చురక పెట్టడం అంటే అదే. రెండు వారాల తరవాత స్మిత్ ఓడిపోయాడు. గెలిచింది ఆ ఊరి మాజీ మేయరు, తనను తాను సోషలిస్టునని చెప్పుకునే స్వతంత్ర అభ్యర్థి. పేరు బెర్నీ శాండర్స్. గింగ్రిచ్ కూడా ఆ ఏడాది చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు 974 ఓట్లతో బయటపడ్డాడు.

బడ్జెట్ నెగ్గిన ఆ చివరి రోజుల్లోనే అదే కాంగ్రెస్ మరో బిల్లునూ సాగనంపింది. దాని మీద బుష్ నవంబరు 29న సంతకం చేశాడు. వలస చట్టం. హెచ్‌1బీ వీసా పుట్టింది అందులోనే, ఏటా 65,000 పరిమితితో. పన్నుల రాద్ధాంతంలో దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. ఇవాళ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఎన్నింటి కథ ఆ సంతకంతో మొదలైందో ప్రత్యేకంగా చెప్పాలా!

బడ్జెట్ చట్టంలో ఎవరూ పత్రికల్లో చదవని భాగం ఒకటుంది. ఏటా మంజూరు చేసే ఖర్చుకు గట్టి పరిమితి. కొత్త పథకం పెట్టాలన్నా, పన్ను తగ్గించాలన్నా ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో అక్కడే చూపించాలన్న నిబంధన. ఇంటి ఖర్చుల పుస్తకం రాసే ఇల్లాలికి ఇందులో కొత్తేమీ కనపడదు. వాషింగ్టన్‌కు కొత్త. ఆ దశాబ్దంలో తరవాత లోటు దిగిరావడంలో ఈ నిబంధనలకు, 1993లో క్లింటన్ పెంచిన పన్నులకు, కంప్యూటర్ల కాలపు రాబడికి వాటాలున్నాయి. ఎవరి వాటా ఎంతని ఆర్థికవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటారు.

బుష్‌కు మాత్రం ఏ వాటా దక్కలేదు. 1992లో పార్టీలోంచే పాట్ బుకానన్ పోటీకి దిగి, న్యూ హాంప్‌షైర్‌లో ఆ పాత వాక్యాన్నే పదే పదే వినిపించి 37 శాతం ఓట్లు పట్టుకుపోయాడు. మార్చిలో బుష్ ఆ ఒప్పందం తప్పేనని ఒప్పుకున్నాడు. దాంతో నిలబడి చేసిన పనికి పేరూ పోయింది. నవంబరులో అప్పు చార్టులు పట్టుకుని టీవీలో పాఠాలు చెప్పిన రాస్ పెరో 19 శాతం ఓట్లు తీసుకున్నాడు, క్లింటన్ గెలిచాడు. అదే ఒప్పందానికి ధైర్య పురస్కారమని కెనెడీ గ్రంథాలయం వాళ్లు పిలిచి గౌరవించేసరికి 2014 వచ్చింది.

1994లో గింగ్రిచ్ నలభై ఏళ్ల తరవాత ప్రతినిధుల సభను రిపబ్లికన్లకు తెచ్చి స్పీకరయ్యాడు. 1990 కోపం ఇప్పుడు అధికారంలో ఉంది. 1995 మార్చిలో, బడ్జెట్ సమంగా ఉండి తీరాలనే రాజ్యాంగ సవరణ సెనేట్‌లో ఒక్క ఓటు తేడాలో ఆగిపోయింది. కాదన్న ఏకైక రిపబ్లికన్, ఆరెగాన్ పెద్దమనిషి మార్క్ హాట్‌ఫీల్డ్. ఖర్చులు తగ్గించాలంటే తగ్గించండి, దానికి రాజ్యాంగం ఎందుకు అన్నాడాయన. ఓటింగ్‌కు ముందే సెనేట్‌లో పార్టీ నాయకుడు డోల్ దగ్గరికి వెళ్లి, మీకంత ఇబ్బందైతే రాజీనామా చేస్తాను, నేను లేకపోతే లెక్క సరిపోతుంది అన్నాడు. డోల్ వద్దన్నాడు. కుర్రకారు సెనేటర్లు మాత్రం హాట్‌ఫీల్డ్‌ను కమిటీ అధ్యక్ష పదవి నుంచి దించాలని పట్టుబట్టారు. పెద్దలు అడ్డుపడి ఆపారు. ఆ ఏడాది చివర ప్రభుత్వం రెండుసార్లు మూతపడ్డ కథ పెద్దది, దానికి వచ్చే భాగం కేటాయిస్తాను.

ఇక్కడ కొంచెం ముందుకు దూకి 1998 సంగతి చెప్పి ఆపుతాను. సెప్టెంబరు 30తో ముగిసిన ఆ ఆర్థిక సంవత్సరంలో అమెరికా ఖజానాకు 6,900 కోట్ల డాలర్లు మిగిలాయి. 1969 తరవాత మిగులు చూడడం అదే మొదలు. మూడు వారాలకు స్పీకర్ గింగ్రిచ్ క్లింటన్‌తో కూర్చుని దాదాపు 4,000 పేజీల ఖర్చుల బిల్లు బేరం కుదుర్చుకుని సభకు తెచ్చాడు. సొంత పార్టీ వాళ్లు లేచారు. ఇంత ఖర్చా, వాళ్లకు లొంగిపోయావన్నారు. అక్టోబరు 20న గింగ్రిచ్ మైకు ముందుకొచ్చి, రాజీ అంటే తెలియని ‘పరిపూర్ణుల ముఠా’ అని వాళ్లను కడిగేశాడు. ఎదుటి పార్టీ అధ్యక్షుడు ఉన్నప్పుడు ఇచ్చిపుచ్చుకోకుండా ప్రభుత్వం నడవదని పాఠం చెప్పాడు. బిల్లు 333–95తో నెగ్గింది. నవంబరు 3 ఎన్నికల్లో పార్టీ ఐదు సీట్లు పోగొట్టుకుంది. క్లింటన్ అభిశంసన గోల కూడా అందుకు ఒక కారణం. 6వ తేదీకల్లా స్పీకర్ పదవి వదిలేస్తున్నట్టు గింగ్రిచ్ తన సభ్యులకు ఫోన్‌లో చెప్పాడు.

(సశేషం)